నల్గొండ, పాలమూరు నుంచి ఢిల్లీ వైపు మారుతున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మేం మిర్యాలగూడ నుంచి గురుగ్రామ్ వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ కాస్త కుదురుకున్నామని తెలిసిన దగ్గర్నుంచి మన వైపు వాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. దేవరకొండ టీచరమ్మ ఒకరు, వనపర్తి నుంచి కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లాడు ఒకడు, అత్తగారి తరఫు చుట్టాలు కొందరు. అడిగేవి మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయల్దేరే ముందు

ఊరు వదిలేలోపు ఏయే కాగితాలు చేతిలో ఉండాలి అక్కా?

పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, టీసీలు, కుల ధ్రువీకరణ పత్రం, ఇప్పటిదాకా ఏ క్లాసు ఎక్కడ చదివారో చూపే బోనఫైడ్లు, టీకాల కార్డు, బండి ఎన్‌ఓసీ, గ్యాస్ ట్రాన్స్‌ఫర్ కాగితం. ఇవి మాత్రం తప్పవు. గిన్నెలు, బకెట్లు మర్చిపోతే ఇక్కడ సాయంత్రానికి కొనుక్కోవచ్చు గానీ, బోనఫైడ్ మర్చిపోతే రెండు రాత్రుల రైలు, నాలుగు రోజుల సెలవు. మీసేవలో తీసుకునేవన్నీ వెళ్లడానికి నెల ముందే మొదలుపెట్టండి. పేర్లలో అక్షరం తేడా ఉంటే ఆ నెలలోనే బయటపడుతుంది. మా పెద్దమ్మాయి ఇంటిపేరు జనన పత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ఇక్కడి స్కూల్ కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలిసింది. అది సరిచేయడానికి మా నాన్న మున్సిపల్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు.

ఇంకో మాట, మీ పాత ఫోన్ నంబరు వదులుకోకండి. బ్యాంకు, ఆధార్, భూమి కాగితాలు అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి.

టీసీ మీద డీఈఓ సంతకం కూడా కావాలంటున్నారు, నిజమేనా?

నిజమే. మన స్టేట్ సిలబస్ స్కూల్ నుంచి వేరే రాష్ట్రంలో సీబీఎస్‌ఈ స్కూల్‌కి మారేటప్పుడు టీసీ మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడుగుతారు. కొన్ని స్కూళ్లు పట్టించుకోవు, కొన్ని అది లేకపోతే ఫైలే ముట్టుకోవు. మీకు ఏది దొరుకుతుందో ముందే తెలియదు కాబట్టి చేయించుకునే రండి. స్కూల్ వాళ్లను అడిగి పిల్లల పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత విద్యా నంబరు) కూడా రాసుకోండి, ఇక్కడ ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు అడుగుతారు.

ఏ నెలలో మారితే పిల్లలకు ఇబ్బంది ఉండదు?

మార్చి చివర. మన దగ్గర పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోయి స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు, ఇక్కడ కొత్త క్లాసులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. మన లెక్కన వేసవి సెలవులు అయ్యాక వస్తే అప్పటికే మొదటి రెండు మూడు పాఠాలు అయిపోయి ఉంటాయి. మార్చిలో కుదరకపోతే ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు వచ్చి సీటు మాట్లాడి పెట్టుకోవడం మేలు. ఒకటో తరగతికైతే వయసు కూడా చూసుకోండి, హర్యానాలో 2024-25 నుంచి ఆరేళ్లు నిండాలన్న నిబంధన ఉంది. మన దగ్గర ఐదేళ్లకే ఒకటిలో వేస్తాం కాబట్టి చిన్నపిల్లలు ఒక క్లాసు వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. దాని గురించి బాధపడకండి.

గ్యాస్ సిలిండర్ సామాన్ల లారీలో వేసేయొచ్చా?

వద్దు, ప్రమాదం. సిలిండర్, రెగ్యులేటర్ మీ ఏజెన్సీకి అప్పజెప్పండి, డిపాజిట్ డబ్బులు తిరిగిచ్చి ఒక వోచర్ ఇస్తారు. ఇక్కడి ఏజెన్సీలో అది చూపించి ఇప్పటి రేటు ప్రకారం డిపాజిట్ కడితే కనెక్షన్ వస్తుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో పైపు గ్యాస్ ఉంటుంది కాబట్టి ఇల్లు ఖాయమయ్యాకే కొత్త కనెక్షన్ సంగతి చూడండి.

ప్యాకర్స్ వాళ్లను నమ్మొచ్చా?

ఫోన్‌లో చెప్పిన రేటును నమ్మకండి. మాకు ఒకాయన ఫోన్‌లోనే ఒక రేటు చెప్పాడు, ఇంటికి వచ్చి సామాన్లు చూడలేదు. లారీ గురుగ్రామ్ గేటు దాకా వచ్చాక "సామాన్లు ఎక్కువున్నాయి, ఇంకో 14 వేలు ఇస్తేనే దించుతాం" అని ఆపేశారు. రాత్రి తొమ్మిదింటికి, పిల్లలు గేటు దగ్గర మెట్ల మీద కూర్చుని నిద్రపోతుంటే, ఇచ్చేశాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కాబట్టి మనిషి ఇంటికి వచ్చి బీరువాలోపల కూడా చూసి లిస్టు రాయాలి. మొత్తం రేటు, జీఎస్టీ, మెట్లెక్కించే కూలీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి కాగితం మీద ఉండాలి. పూర్తి డబ్బు ముందే ఇవ్వొద్దు. బంగారం, ఒరిజినల్ కాగితాలు, పిల్లల మందులు మీ చేతిసంచిలోనే పెట్టుకోండి. పాత కూలర్, మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకోవడం దండగ, వాటి రవాణా ఖర్చుకు ఇక్కడ కొత్తవే వస్తాయి.

బండి తీసుకుపోవాలా, అమ్మేసి పోవాలా?

ఏడాదిలోపు తిరిగొచ్చేట్టయితే అలాగే తెచ్చుకోండి. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి మన ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి. లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఒప్పుకోలు, చలాన్లు ఉంటే కట్టేసిన రసీదు కూడా ఉండాలి. ఇక్కడ మళ్లీ రోడ్డు ట్యాక్స్ కట్టాక, మన దగ్గర కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. అది చేతికి రావడానికి మాత్రం ఓపిక పట్టాలి. పాత బండైతే నా సలహా అమ్మేయమనే. పైగా ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండికి 10 ఏళ్లు, పెట్రోల్ బండికి 15 ఏళ్లు అనే నిబంధన ఉంది, దాని మీద కోర్టు ఆదేశాలు మారుతూ వస్తున్నాయి. వయసు దగ్గరపడిన బండిని తెచ్చుకుని టెన్షన్ ఎందుకు.

స్కూటర్ రైల్లో పార్శిల్ చేస్తే పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్సీ జిరాక్స్ ఇవ్వాలి. కారు నడిపి తెచ్చేవాళ్లకు దారి వెతుక్కునే పని లేదు, మన జడ్చర్ల మీదుగా పోయే 44వ జాతీయ రహదారే నాగ్‌పూర్, ఆగ్రా దాటి ఢిల్లీకి వస్తుంది. లైసెన్స్ గురించి బెంగ వద్దు, గడువు ఉన్నంతకాలం దేశమంతా చెల్లుతుంది.

## ఇల్లు, మొదటి కొన్ని నెలలు

కిరాయి ఇల్లు ఎలా వెతకాలి? అడ్వాన్స్ ఎంత అడుగుతారు?

మన దగ్గరలా టులెట్ బోర్డు చూసి తలుపు కొట్టే పద్ధతి ఇక్కడ తక్కువ, ఎక్కువగా బ్రోకర్ ద్వారానే. బ్రోకర్‌కి సగం నెల నుంచి నెల కిరాయి దాకా, అడ్వాన్స్ ఒకటి రెండు నెలలది పోతుంది. అగ్రిమెంట్ 11 నెలలకే రాస్తారు, ఏడాదికి మించి రాస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అలా అలవాటైపోయింది. ఆ అగ్రిమెంట్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి. తర్వాత అడ్రస్ ప్రూఫ్ ఎవరికి కావాలన్నా అదే పనికొస్తుంది. పోలీస్ వెరిఫికేషన్ అడిగితే కంగారు పడకండి, కిరాయికి దిగే అందరికీ చేస్తారు.

అడగడం మర్చిపోయే విషయం ఒకటుంది. పెద్ద సొసైటీల్లో కరెంటు పోతే జనరేటర్ వేస్తారు, ఆ యూనిట్ రేటు మామూలు కరెంటు కన్నా చాలా ఎక్కువ. మెయింటెనెన్స్ ఎంత, జనరేటర్ యూనిట్ ఎంత అని కిరాయి మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

మాంసం తింటామంటే ఇల్లు ఇవ్వరట కదా?

కొందరు ఇవ్వరు. దాచిపెట్టి దిగడం కన్నా ముందే చెప్పడం మంచిది, ఇచ్చేవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. కింద ఓనర్ ఉండే ఇల్లయితే తప్పకుండా అడగండి. గురుగ్రామ్‌లో మంగళవారం చాలా మాంసం దుకాణాలు మూసి ఉంటాయి, నవరాత్రుల తొమ్మిది రోజులూ చుట్టుపక్కల వాళ్లు ఉల్లిపాయ కూడా ముట్టరు. మనకేమో దసరా అంటే ఇంట్లో యాట కూర ఉడకాలి. మొదటి ఏడు నాకు చాలా వెలితిగా అనిపించింది. ఇప్పుడు పండుగ రోజు జమ్మి ఆకు పెట్టుకుని దండం పెట్టుకుంటాం, కూర తర్వాతి ఆదివారం వండుకుంటాం.

మాకు హిందీ వచ్చు, మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు కదా?

అర్థం చేసుకోవడానికి ఉండదు. మాట్లాడేటప్పుడు మాత్రం మన హైదరాబాదీ హిందీ ఇక్కడ కొంచెం మొరటుగా వినిపిస్తుంది. "నక్కో" అంటే అర్థం కాదు, "నహీ చాహియే" అనాలి. "కైకు" బదులు "క్యోం", "మేరేకు" బదులు "ముఝే". అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్లను "తుమ్" అనకుండా "ఆప్" అనడం, మాట చివర "జీ" పెట్టడం. కూరగాయల బండి అతనితో కూడా "భయ్యా జీ" అంటే వినే తీరే మారిపోతుంది. నెల రోజుల్లో అలవాటవుతుంది.

మన బియ్యం, మన కూరగాయలు దొరుకుతాయా?

సోనా మసూరి దొరుకుతుంది, మామూలు కిరాణాలో కాదు, దక్షిణాది సరుకులు అమ్మే దుకాణాల్లోనో ఆన్‌లైన్‌లోనో. మిర్యాలగూడ బియ్యం తిన్న నోటికి ఆ తేడా తెలుస్తుంది, అందుకే ఊరెళ్లినప్పుడు ఒక బస్తా తెచ్చుకుంటాం. జొన్న పిండి దొరుకుతుంది కాబట్టి పాలమూరు వాళ్లకు రొట్టెకు ఇబ్బంది లేదు. కొనేటప్పుడు పేర్లు తెలియాలి: ఆనపకాయ అంటే ఘియా లేదా లౌకీ, బీరకాయ తోరి, తోటకూర చౌలాయి, బొబ్బర్లు లోబియా. కరివేపాకును కడీ పత్తా అనండి.

దొరకనిది పుంటికూర, అంటే గోంగూర. ఊరి నుంచి గింజలు తెచ్చి బాల్కనీలో రెండు కుండీల్లో చల్లాను. ఏప్రిల్‌లో వేస్తే మే నెలకు మోకాలెత్తు పెరుగుతుంది, ఎర్ర కాడలు, వేలి మందాన. చిగుర్లు తుంచిన కొద్దీ మళ్లీ వస్తాయి. చలికాలంలో మాత్రం ఎదగదు. వారానికి ఒకసారి పప్పులోకి సరిపోతుంది. పక్కింటి ఆవిడకు పచ్చడి రుచి చూపిస్తే ఆమె కూడా గింజలు అడిగి పట్టుకెళ్లింది.

నీళ్లు ఎలా ఉంటాయి?

బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గరుకుగా ఉంటాయి, ట్యాంకర్లు కూడా తిరుగుతుంటాయి. తాగడానికి ఫిల్టర్ తప్పదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నల్లా తిప్పి చూడండి, బాత్రూంలో తెల్లటి చారలు ఉన్నాయేమో చూడండి. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన మనుషుల్ని మర్రిగూడ వైపు చూస్తూ పెరిగినవాళ్లం, నీళ్ల విషయంలో నిర్లక్ష్యం చేయకూడదు.

చలికి తట్టుకోగలమా? పొగ గురించి భయంగా ఉంది.

చలి అలవాటవుతుంది. జనవరి రాత్రుల్లో నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది, మన రగ్గులు చాలవు, దూది నింపిన రజాయిలు కొనాలి. స్వెట్టర్లు ఊళ్లో కొనకండి, ఇక్కడ నవంబరులో మంచివి చవకగా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, గది తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఆ గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ప్రతి చలికాలం ఇక్కడ అలాంటి వార్తలు చదువుతూనే ఉంటాం.

పొగే అసలు సమస్య. దీపావళి ముందు నుంచి జనవరి దాకా గాలి బాగా చెడిపోతుంది, కొన్ని రోజులు స్కూళ్లు ఆన్‌లైన్‌కి మారుస్తారు. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఉద్యోగం ఒప్పుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఊరి నుంచి అమ్మానాన్నల్ని ఫిబ్రవరి, మార్చిలో పిలిపించుకోండి.

## కార్డులు, పథకాలు

ఆధార్‌లో అడ్రస్ వెంటనే మార్చేయాలా?

తొందరపడకండి. నంబరు అదే ఉంటుంది కాబట్టి చాలా పనులు పాత అడ్రస్‌తోనే అయిపోతాయి. ఇంట్లో ఒకరిది, అంటే బ్యాంకు లోను, బండి రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటాయో వాళ్లది, అగ్రిమెంట్‌తో ఆన్‌లైన్‌లో మార్చుకుంటే మొదట్లో సరిపోతుంది. ఆడవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆర్టీసీలో మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. హర్యానా అడ్రస్ పడ్డాక ఊరెళ్తే టికెట్ కొనాల్సిందే.

రేషన్ కార్డు అక్కడ పనిచేస్తుందా?

కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డయితే పనిచేస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ 2019లో మొదలై 2022 కల్లా అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలు. కొందరు ఊళ్లో, కొందరు ఇక్కడ కూడా వాళ్ల వాళ్ల వాటా తీసుకోవచ్చు. అయితే మన ప్రభుత్వం 2025లో హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన ఆరు కిలోల సన్న బియ్యం ఇక్కడ రాదు. కేంద్రం వాటా, మనిషికి ఐదు కిలోలు, అది కూడా ఇక్కడ ఏది పంచితే అది, ఎక్కువగా గోధుమలు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు బయట రేషన్ రాదు.

ఓటు ఎక్కడ ఉంచుకోవాలి?

ఎక్కడో ఒకచోటే. రెండుచోట్ల పేరుండటం చట్టం ఒప్పుకోదు. ఇక్కడికి మార్చాలంటే ఫారం 8 పెట్టండి, ఫారం 6 కొత్త ఓటర్లకు.

రైతు భరోసా ఆగిపోతుందా?

భూమి మీ పేరున ఉండి సాగులో ఉంటే, మీరు వేరే రాష్ట్రంలో ఉంటున్నంత మాత్రాన పట్టా మారదు. ఎకరాకు ఏడాదికి 12 వేలు పడే ఆ బ్యాంకు ఖాతాను మాత్రం మూసేయకండి, కేవైసీ గడువు చూసుకుంటూ ఉండండి.

ఆరోగ్యశ్రీ ఇక్కడ చెల్లుతుందా?

ఆరోగ్యశ్రీ దాని జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే. ఆయుష్మాన్ భారత్ కార్డయితే దేశంలో ఆ పథకంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా చూపించవచ్చు. 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబరులో తెచ్చారు, మీ అమ్మానాన్నలకు ఆ కార్డు ఊళ్లోనే చేయించి తీసుకురండి.

మాది ఎస్టీ. ఇక్కడ రిజర్వేషన్ ఉంటుందా?

రాష్ట్ర ప్రభుత్వ సీట్లలో, ఉద్యోగాల్లో ఉండదు. కులాల జాబితా రాష్ట్రానికొకటి. లంబాడీలనే చూడండి, మన దగ్గర ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. హర్యానాలో అసలు ఎస్టీ జాబితానే లేదు. ఎస్సీ, బీసీలకు కూడా ఇంతే, వలస వచ్చిన రాష్ట్రంలో వాళ్ల కోటా వర్తించదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కేంద్ర విద్యాసంస్థలకు, కేంద్ర ఉద్యోగాలకు మాత్రం సొంత రాష్ట్రంలో తీసుకున్న సర్టిఫికెట్ చెల్లుతుంది. దేవరకొండ తండా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇది తెలియక ఇక్కడ కొత్త సర్టిఫికెట్ కోసం ఆరు నెలలు తిరిగింది. మీసేవలో తీసుకుని రండి.

## పిల్లల చదువు

ఇక్కడ చదివి రేపు తిరిగొస్తే మా పిల్లలు తెలంగాణలో లోకల్ అవుతారా?

దీని గురించి ఎవరూ ముందు అడగరు, తొమ్మిదో తరగతి వచ్చాక అడుగుతారు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

రెండు లెక్కలు వేరువేరుగా ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 తరగతుల్లో నాలుగేళ్లకు తగ్గకుండా ఎక్కడ చదివారో అదే లోకల్. నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. నల్గొండ, సూర్యాపేట యాదాద్రి జోన్‌లో, ఉమ్మడి పాలమూరు జిల్లాలు జోగులాంబ జోన్‌లో వస్తాయి. నాలుగో తరగతి పూర్తిచేసి వచ్చిన పిల్లలకు ఆ ఏళ్లు చేతిలో ఉన్నట్టే. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివితే నాన్‌లోకల్ కింద పడతారు.

మెడిసిన్ సీటు లెక్క వేరు. ఇంటర్ పూర్తయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు తెలంగాణలో చదవాలి. దీన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వ, రక్షణ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ మనలాంటి ప్రైవేటు ఉద్యోగులవి వాటిలో లేవు.

మేం దీని మీద చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. పెద్దమ్మాయికి డాక్టర్ కావాలని ఉంది, అందుకే ఎనిమిది అయిపోగానే అమ్మమ్మ దగ్గర మిర్యాలగూడలో చేర్చాం. పంపేటప్పుడు కష్టంగా ఉండింది, ఇప్పటికీ ఉంది. మీ పిల్లలు ఏం చదువుతారో ఇప్పుడే తెలియకపోయినా ఎనిమిదో తరగతి నాటికి ఈ మాట ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ప్రతి క్లాసు బోనఫైడ్ ఒక ఫైల్లో పెట్టుకోండి.

మా బాబుకు హిందీ రాయడం రాదు, స్కూల్లో వెనకబడతాడా?

మొదటి ఏడు వెనకబడతాడు. మన ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతిలో మొదలవుతుంది, ఇక్కడి పిల్లలు ఒకటి నుంచే రాస్తున్నారు. మా వాడు మూడో తరగతిలో చేరినప్పుడు హిందీ డిక్టేషన్‌లో సున్నా వచ్చింది, ఇంటికొచ్చి పుస్తకం మంచం కింద దాచాడు. టీచర్‌ని కలిసి ఆరు నెలలు గడువు అడిగాం, ఆవిడ సరేనంది. హిందీ అక్షరాల మాత్రలు, గుణింతాలు రోజుకు పావుగంట రాయించాం. మాటలు వీధిలో ఆడుకుంటూ తనే నేర్చుకున్నాడు.

తెలుగు మర్చిపోతారేమో?

మాట మర్చిపోరు, అక్షరం మర్చిపోతారు. ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఉన్నాయి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో మొదలుపెట్టిన సంస్థ, ఐటీఓ దగ్గర, జనక్‌పురిలో, ప్రసాద్ నగర్‌లో. దూరమైతే ఇంట్లోనే నేర్పాలి. తిరిగొస్తే ఎలాగూ తప్పదు, 2018 చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్‌ఈ స్కూళ్లలో కూడా తెలుగు చదవాల్సిందే. మేం చేసేది చిన్నది, ఆదివారం తాతయ్యకు ఒక ఉత్తరం రాయిస్తాం, ఫొటో తీసి పంపుతాం. ఆయన తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుతాడు.

## కుదురుకున్నాక

బతుకమ్మ ఎలా చేస్తారు అక్కడ?

తంగేడు లేదు, గునుగు లేదు. బంతి, చేమంతి మాత్రం ఎన్నైనా దొరుకుతాయి, ఘాజీపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్తే చవక. స్టీలు తాంబాలంలో ఆనపాకు పరిచి, బంతిపూలు వరుసలుగా పేర్చి, మధ్యలో ఆకులు కూరి పేరుస్తాం. గునుగు లేకపోతే బతుకమ్మ నిలబడదు, అందుకే మధ్యలో అట్ట గొట్టం పెడతాం. మొదటి ఏడు పార్కులో నేనొక్కదాన్నే ఆడాను, పోయిన ఏడు పదిహేడు మందిమి, అందులో నలుగురు హర్యానా ఆడవాళ్లే.

పండుగల తేదీలు చూసుకోండి. వీళ్లకు నెల పున్నమి మర్నాడు మొదలవుతుంది, మనకు అమావాస్య మర్నాడు. మనకంటే పదిహేను రోజుల ముందే వీళ్ల శ్రావణం వస్తుంది. తెలుగు క్యాలెండర్ ఒకటి ఊరి నుంచి తెచ్చి వంటింట్లో తగిలించుకోండి.

పండక్కి ఊరు రావాలంటే టికెట్లు దొరుకుతాయా?

ప్రయాణానికి 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, ఆ ఉదయమే కూర్చోవాలి. సంక్రాంతికి, దసరాకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నిమిషాల్లో నిండిపోతుంది. వెళ్లే టికెట్‌తో పాటు తిరుగు టికెట్ కోసం ఆ తేదీకి కూడా అలారం పెట్టుకోండి, మేం ఒకసారి మర్చిపోయి మూడు రోజులు అదనంగా ఉండిపోయాం. మా అమ్మ మాత్రం దానికి సంతోషపడింది.